ఆస్తమా పంపు (ఇన్‌హేలర్) వాడాక నాలిక మీద తెల్లపూత, గొంతు బొంగురు: నాకెలా తగ్గిందంటే

మాది పలాస. జీడి బట్టీల పొగ తగిలితే చాలు రాత్రంతా పిల్లికూతలే. శ్రీకాకుళంలో డాక్టరు గారు బ్యుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ మందు ఉన్న ఇన్‌హేలర్ రాస్తే, "స్టెరాయిడంట కదేటే, ఎముకలు గుల్లయిపోతాయి" అని మా అత్త ఒకటే గోల, నేనూ కాస్త బాగుందనిపించగానే మానేసేదాన్ని, మళ్లీ ఆయాసం, మళ్లీ నెబులైజర్. డాక్టరు గారు తిట్టి చెప్పారు, స్టెరాయిడ్ మాత్రల్లో మిల్లీగ్రాముల్లెక్క, ఇందులో మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు లెక్క, అదీ నేరుగా ఊపిరితిత్తుల్లోకే, రోజూ పీలిస్తేనే లోపల వాపు తగ్గుద్ది అని.

సరే అని రోజూ మొదలెట్టా. ఆయాసం తగ్గింది గానీ నెల తిరక్కుండా నాలిక మీద పెరుగు మీగడలా తెల్లపూత, గొంతేమో బొంగురు, ఫోన్లో మా చెల్లే గుర్తుపట్టలేదు! తప్పు నాదే, పీల్చేసి అలాగే పడుకునేదాన్ని, మందు సగం నోట్లోనే ఉండిపోయేది.

ఇప్పుడు స్పేసర్ (పంపుకి తగిలించే ప్లాస్టిక్ గొట్టం) పెట్టి పీలుస్తా, అదీ పళ్లు తోముకునే ముందు, వెంటనే నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తా, మింగను. పూతకి నోట్లో రాసుకునే క్లోట్రిమజోల్ అనే ఫంగస్ మందు ఇచ్చారు, పోయింది. గొంతుకి ఇంకొన్నాళ్లు పట్టింది. స్పేసర్ సబ్బునీళ్లతో కడిగి గుడ్డతో తుడవకుండా ఆరబెట్టాలి, తుడిస్తే మందు గోడలకే అంటుకుపోద్దంట.

మా అమ్మది వేరే కథ, కట్టెల పొయ్యి వల్ల సీఓపీడీ, అంటే ఏళ్ల తరబడి పొగ పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యే జబ్బు. అలాంటోళ్లకి స్టెరాయిడ్ పంపుతో న్యుమోనియా రిస్కు పెరుగుద్ది, అందుకే ఆవిడకి వేరే పంపు రాశారు, నాది ఆవిడకి ఇవ్వను.