తాతల నాటి బ్రిటిష్ పౌరసత్వం మీకు వర్తిస్తుందో లేదో తేల్చుకోవడం ఎలా?

"మా తాతగారు తెల్లవారి పాలనలో పుట్టారు. ఆ లెక్కన నాకు బ్రిటన్ పౌరసత్వం వస్తుందా?" చాలామందికి ఉండే ఆశ ఇది. కేవలం ఆ కారణంతో రాదు. రాజమండ్రిలో పుట్టినవారు అప్పట్లో బ్రిటిష్ రాజు ప్రజలే. నిజాం రాజ్యంలో పుట్టినవారికి ఆ హోదా కూడా లేదు, బ్రిటిష్ రక్షణలో ఉన్నవారన్న గుర్తింపు మాత్రమే ఉండేది. రాజ్యాంగం వచ్చాక ఇక్కడ స్థిరపడిన ఆ రెండు కుటుంబాలూ భారత పౌరులే. పాత హోదా పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే దయచేసి ఇవ్వకండి.

అయినా కొందరికి నిజమైన హక్కు ఉంటుంది, అది ఉన్న సంగతే వారికి తెలియదు. అందుకే ముందు ఒక కాగితం తీసుకోండి. తల్లిదండ్రులు, తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ పుట్టిన ఊళ్లు, తేదీలు, పెళ్లి తేదీలు రాయండి.

తర్వాత ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో పుట్టినవారు అందులో ఉన్నారేమో చూడండి. 1960, 70లలో మన డాక్టర్లు ఎందరో బ్రిటన్ ఆసుపత్రుల్లో పనిచేసి తిరిగి వచ్చారు. అలాంటి ఇంట్లో 1974లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో పుట్టిన అమ్మాయి పుట్టుకతోనే బ్రిటిష్ పౌరురాలు. ఆమెకు 2000లో హైదరాబాద్‌లో పుట్టిన బిడ్డ కూడా అంతే, ఏ దరఖాస్తూ అక్కర్లేదు. లీడ్స్‌లో పుట్టింది అబ్బాయి అయితే, 2006 జులై 1కి ముందు పుట్టిన బిడ్డ విషయంలో తల్లిదండ్రులకు పెళ్లి అయి ఉండాలి. పెళ్లి తేదీ రాయమన్నది అందుకే. విదేశంలో పుట్టిన ఆ బిడ్డకు మళ్లీ విదేశంలోనే పిల్లలు పుడితే, మామూలుగా వారికి హక్కు దానంతట అదే రాదు.

ఇక్కడ 1983 జనవరి 1 అనే తేదీ గుర్తుంచుకోండి. అంతకుముందు విదేశంలో పుట్టిన బిడ్డకు తండ్రి ద్వారానే పౌరసత్వం దక్కేది, తల్లి ఇవ్వలేకపోయేది. ఈ అన్యాయాన్ని తర్వాత సరిదిద్దారు. తల్లి 1950లో లండన్‌లో పుట్టి, మీరు 1975లో విజయవాడలో పుట్టి ఉంటే, యూకేఎం అనే ఫారంతో బ్రిటిష్ పౌరులుగా నమోదుకు దరఖాస్తు చేయవచ్చు.

తాతగారో అమ్మమ్మగారో మాత్రమే బ్రిటన్‌లో పుట్టి ఉంటే సాధారణంగా నేరుగా పౌరసత్వం రాదు. కానీ భారత్ వంటి కామన్వెల్త్ దేశపు పౌరులుగా, 17 ఏళ్లు నిండి, అక్కడ పనిచేసే ఉద్దేశం ఉంటే, వంశమూలం ఆధారంగా ఇచ్చే వీసా అడగవచ్చు. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలకు ఇది ఎక్కువగా ఉపయోగపడుతుంది.

ఇప్పటి మలేషియాలోని మలయా తోటలకు వెళ్లిన తెలుగు కుటుంబాల సంగతి వేరు. పెనాంగ్, మలక్కాల మూలం ఉన్న కొందరికి బ్రిటిష్ ఓవర్సీస్ సిటిజన్ హోదా మిగిలింది. దానితో బ్రిటన్‌లో నివసించే హక్కు రాదు. దాన్ని నమ్మి మలేషియా పౌరసత్వం వదులుకున్నవారు ఏ దేశానికీ చెందకుండా ఇరుక్కుపోయారు. ఉన్న పౌరసత్వాన్ని 2002 జులై 4 తర్వాత వదులుకున్నవారు, పౌరసత్వం లేనివారికి బ్రిటన్ ఇచ్చే నమోదు సదుపాయానికి అర్హులు కారు. ఉన్నదాన్ని ముందుగా ఎన్నడూ వదలకండి.

హక్కు ఉందని తేలితే తల్లిదండ్రుల పేర్లున్న పూర్తి జనన ధ్రువపత్రం తెప్పించండి. ఇంగ్లండ్, వేల్స్‌లకు ఒక రిజిస్ట్రార్ కార్యాలయం, స్కాట్లండ్‌కు వేరొకటి ఉన్నాయి. బ్రిటిష్ పాస్‌పోర్టు చేతికి వచ్చాక భారత పాస్‌పోర్టును అప్పగించాలి, ఆపైన విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు.