రెండు గదుల ఇంట్లో రాసుకునే మూల అమర్చుకోవడం ఎలా?

బెజవాడ సత్యనారాయణపురంలోని అద్దె ఇంట్లో నాలుగేళ్లు డైనింగ్ బల్ల మీదే రాశాను. కూర్చునేముందు ఆవకాయ జాడీ, నీళ్ల సీసాలు, పిల్లల హోంవర్కు పుస్తకాలు పక్కకి జరపాలి. రాత్రి ఎనిమిదయ్యేసరికి భోజనాల కోసం నా కాగితాలు ఎత్తేయాలి. అలా ఎత్తిపెట్టిన కథల్లో సగం మళ్లీ బల్ల మీదికి రాలేదు. రాయడానికి విడిగా గది అక్కర్లేదు, ఎవరూ కదపని మూడడుగుల చోటు కావాలి. రాత్రి తెరిచి ఉంచిన నోటుబుక్కు పొద్దున్నకి అలాగే ఉండాలి.

ముందు ఒక ఆదివారం ఇల్లంతా గమనించండి

ఏదీ కొనకముందే ఒక స్టూలు తీసుకుని పొద్దున ఆరింటికి, పదకొండింటికి, సాయంత్రం నాలుగింటికి, రాత్రి తొమ్మిదింటికి ఒక్కో మూలలో కాసేపు కూర్చోండి. వెలుతురు ఎటునుంచి వస్తోంది, ఏ చప్పుడు వినిపిస్తోంది అన్నది రాసుకోండి. కుక్కరు విజిల్, కూరగాయల బండి మైకు, పక్కింటి టీవీ ఒక్కో మూలకి ఒక్కోలా వినిపిస్తాయి.

బెజవాడలో అన్నిటికంటే ముందు చూడాల్సింది పడమటి గోడ. ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పగలంతా తాగిన వేడిని ఆ గోడ రాత్రి వదులుతుంది. మే నెలలో రాత్రి పదింటికి దాని మీద అరచెయ్యి పెట్టి చూడండి, తెలుస్తుంది. అందుకే తూర్పు కిటికీ గానీ ఉత్తరపు కిటికీ గానీ ఉన్న చోటు వెతకండి. ఉత్తరపు వెలుతురు నిలకడగా ఉంటుంది, కళ్లకి హాయి. పడమటి కిటికీ తప్ప దారి లేకపోతే వట్టివేళ్ల తడిక కట్టి, మధ్యాహ్నం రెండు మూడుసార్లు నీళ్లు చల్లండి. పొడి ఎండ రోజుల్లో అది బాగా చల్లబరుస్తుంది. ఉక్కపోత రోజుల్లో తడి త్వరగా ఆరదు కాబట్టి అంతగా పనిచేయదు.

బల్ల, కుర్చీ

బల్ల ఎత్తు 28 నుంచి 30 అంగుళాలు, కుర్చీ 17 లేదా 18 అంగుళాలు ఉంటే చాలామందికి సరిపోతుంది. పాదాలు నేలకి ఆనాలి. రాసేటప్పుడు భుజాలు పైకి లేస్తున్నాయంటే కుర్చీ కిందికి ఉందన్నమాట, దిండు వేసుకోండి.

నేను బల్ల కొనలేదు. అమ్మ కుట్టుమిషన్ అటకెక్కించబోతుంటే ఆపాను. మిషన్ తలని లోపలికి మడిచి మూత వేస్తే చదునైన బల్ల అయింది. బెల్టు తీసేశాం, కాళ్లు తొక్కుడు పలక మీద పెట్టుకుంటాను. మాట తోచనప్పుడు పాదం తనంతట తనే ఆడుతూ ఉంటుంది. బాబిన్లు ఉండే సొరుగులో ఇప్పుడు పెన్నులున్నాయి, అమ్మ కొలతల టేపు కూడా అక్కడే ఉంది. చెక్క మీద కుడివైపు ఒక గుండ్రటి మచ్చ ఉంది, అమ్మ టీ గ్లాసు పెట్టుకునే చోటు. నా గ్లాసూ అక్కడే పెడతాను. రాయడానికి నాకు ఊతమిచ్చే వస్తువు ఇదే. మీ ఇంట్లోనూ ఇలాంటిది ఒకటి ఉంటుంది, బజారుకి వెళ్లే ముందు అటక మీద చూడండి.

కింద కూర్చునే అలవాటు ఉంటే చాప, వీపుకి దిండు, ఒళ్లో పరీక్ష అట్ట చాలు.

వెలుతురు, గాలి

కుడిచేత్తో రాసేవాళ్లకి వెలుతురు ఎడమవైపు నుంచి రావాలి, లేకపోతే చేతి నీడ పెన్ను మొన మీదే పడుతుంది. ల్యాప్‌టాప్ అయితే కిటికీ పక్కగా ఉండాలి. వీపు వెనక ఉంటే తెర మెరుస్తుంది. రాత్రికి చిన్న టేబుల్ ల్యాంపు, అందులో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు చాలు. కరెంటు పోతుంది కాబట్టి ఛార్జింగ్ లైటు ఒకటి సొరుగులో ఉంచుకోండి. టేబుల్ ఫ్యాను కాళ్ల వైపు తిప్పండి. కాగితాల మీద బరువుకి కృష్ణ ఒడ్డున ఏరుకున్న గుండ్రాయి పెట్టుకున్నాను.

పుస్తకాలు

చేతికందే దూరంలో ఐదుకి మించి వద్దు. ఒక నిఘంటువు తప్పనిసరి. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులు వెతికితే తక్కువ ధరకే దొరకొచ్చు, లేదంటే జనవరి పుస్తక మహోత్సవం దాకా ఆగండి. అరని గోడకి ఆనించకుండా కాస్త ఎడం ఉంచి, వారానికోసారి వెనక చెయ్యి పెట్టి చూడండి. వానాకాలంలో చెదలు అక్కడే మొదలవుతాయి. ఫోను మాత్రం వేరే గదిలో ఛార్జింగ్‌కి పెట్టండి.

ఇంట్లోవాళ్లతో ఒప్పందం

ఇది కుదరకపోతే పైవన్నీ అమర్చినా రాయలేరు. "నన్ను పిలవకండి" అంటే ఎవరికీ గుర్తుండదు. వేళ చెప్పండి, ఒక గుర్తు చూపించండి. నా వేళ పొద్దున ఐదున్నర నుంచి ఏడు, నా గుర్తు ల్యాంపు. మొదటి వారం మా అత్తయ్యగారు "అమ్మాయ్, పాలవాడొచ్చాడు" అంటూ నాలుగుసార్లు పిలిచారు. నేను విసుక్కోలేదు, లేచి వెళ్లి పాలు తీసుకుని, వచ్చి మళ్లీ ల్యాంపు వేశాను. ఇప్పుడు ల్యాంపు వెలుగుతుంటే ఆవిడే టీ కలిపి తెచ్చి, గ్లాసు ఆ మచ్చ మీద పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్లిపోతారు.