అందర్నీ అడిగి చేసే మేనేజర్‌కి ఎదురయ్యే చిక్కులు: సమస్య - పరిష్కారం

టీమ్‌ని అడిగి నిర్ణయాలు తీసుకోవడం మొదలుపెట్టిన కొత్తలో అంతా బాగానే ఉందనిపించింది. రెండు నెలలకే తేడా కొట్టింది. ఎక్కడ చెడుతోందా అని చూస్తే, ఎక్కువసార్లు ఒకే చోట దొరికింది: నేను అడిగేది సలహానా, నిర్ణయమా అన్నది ముందే చెప్పేవాణ్ణి కాదు.

సమస్య: మీటింగులో అందరిదీ ఒకే మాట, "మీ ఇష్టం సార్". అరగంట తర్వాత టీ బండి దగ్గర మాత్రం అసలు సంగతులన్నీ బయటికొస్తాయి.

కారణం: మీరే ముందు మాట్లాడారు. "నాకైతే ఇలా చేద్దామనిపిస్తోంది, మీరేమంటారు?" అన్నాక కొత్తగా చేరిన కుర్రాడు కాదనగలడా?

పరిష్కారం: మీరు చివర్న నోరు విప్పండి. అందరికంటే జూనియర్‌తో మొదలుపెట్టండి. "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగితే తలలు అడ్డంగా ఊగుతాయి, అంతే. "ఇలా చేస్తే ఎక్కడ దెబ్బతింటాం?" అని అడిగి చూడండి. అప్పటికీ పలకకపోతే ముందురోజే తలా ఒక చీటీ రాసిమ్మనండి.

సమస్య: చర్చ తెగదు. మూడో మీటింగు కూడా అయిపోయింది, పని కదల్లేదు.

కారణం: అందరూ ఒప్పుకుంటేనే ముందుకెళ్లాలనుకుంటున్నారు. అందర్నీ అడగాలన్నారు గానీ, అందర్నీ ఒప్పించాలని ఎవరూ అనలేదు.

పరిష్కారం: మొదటి నిమిషంలోనే చెప్పేయండి: "గురువారం దాకా మీ మాట వింటాను, శుక్రవారం పొద్దున నేను తేలుస్తాను." సర్వర్ పడిపోయినప్పుడు, షెడ్‌లో పొగ వచ్చినప్పుడు అసలు అడగొద్దు, ఏం చేయాలో చెప్పేయండి.

సమస్య: మీరు సెలవు పెడితే పని ఆగిపోతుంది.

కారణం: బాధ్యత ఇచ్చామనుకుని వదిలేశారు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు కుర్ట్ లెవిన్, రొనాల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్ అమెరికాలోని అయోవాలో పదేళ్ల పిల్లల క్లబ్బులతో చేసి 1939లో ప్రచురించిన ప్రయోగంలో ఇదే తేలింది. నాయకుడు గది దాటితే పెత్తనం నడిచే గుంపులో పని పడిపోయేది, కలిసి నిర్ణయించుకున్న గుంపులో దాదాపు అలాగే సాగేది. ఎవరిష్టం వాళ్లదని వదిలేసిన గుంపు అన్నిటికంటే తక్కువ పని చేసింది. నాయకుడు ఎదురుగా ఉన్నంతసేపూ పెత్తనపు గుంపులోనే పని కాస్త ఎక్కువ జరిగిందట. ఆ మాటా ఒప్పుకోవాలి.

పరిష్కారం: ఏ పని ఎవరిది, ఎప్పటికి, మీరు లేనప్పుడు ఎంతవరకు వాళ్లే తేల్చుకోవచ్చు, ఈ మూడూ రాసిపెట్టండి.

సమస్య: ఓటింగులో ప్రతిసారీ అదే నలుగురు ఓడిపోతున్నారు.

నేను గట్టిగా దెబ్బతిన్నది ఇక్కడే. సంక్రాంతికి డ్యూటీలో ఎవరుండాలని చేతులెత్తించాను. పన్నెండు మందిలో ఎనిమిది మంది పిల్లలున్నవాళ్లు. వరసగా రెండేళ్లు ఆ డ్యూటీ పెళ్లికాని నలుగురి మీదే పడింది. రెండో ఏడు వాళ్లలో ఒకతను మెల్లగా అన్నాడు, "సార్, మా అమ్మ కూడా అరిసెలు చేసి ఎదురుచూస్తుంది." నాకు జవాబు దొరకలేదు.

కారణం: మనుషుల మీద ఓటు పెట్టాను. ఎక్కువమంది ఉన్న వైపుకి అది ఎప్పుడూ లాభమే.

పరిష్కారం: "ఎవరుండాలి" అని అడగొద్దు, "ఏ లెక్కన ఉండాలి" అని అడగండి. మా వాళ్లు గంటలో తేల్చారు. ఈ ఏడు పండక్కి ఉన్నవాళ్లకి వచ్చే ఏడు మినహాయింపు, దసరా సెలవులు ముందు కోరుకునే హక్కు కూడా వాళ్లదే. ఇద్దరు ససేమిరా అన్నారు. వాళ్ల వాదన ఎందుకు ఒప్పుకోలేదో అందరి ముందే కారణాలతో చెప్పాను. ఒకాయన ఇప్పటికీ గొణుగుతూనే ఉంటాడు, అయినా తన వంతు వస్తే డ్యూటీకి వస్తాడు. ఏ ఏడు ఎవరున్నారో రాసిన కాగితం వాటర్ ఫిల్టర్ పక్కన అంటించాం. డిసెంబర్ వస్తే చాలు, నీళ్లు పట్టుకునే వంకతో అందరూ దాన్నే చూస్తుంటారు.