కుక్కతో హోటల్‌కు వెళ్లాలంటే ఎలా?

మా కుక్క చింటూను మొదటిసారి ఒక కాఫీ హోటల్‌కు తీసుకెళ్లిన రోజు, వాడి బెల్టు కొసను ప్లాస్టిక్ కుర్చీ కాలికి కట్టి నిశ్చింతగా మెనూ చూస్తున్నాను. ప్రహరీ మీద పిల్లి కనిపించింది. చింటూ ఒక్క దూకు దూకాడు. వెనకాలే కుర్చీ టకటకలాడుతూ కదిలింది. దాంతో వాడు పిల్లిని మరిచిపోయి, తనను తరుముకొస్తున్న కుర్చీకి బెదిరి పరుగు లంకించుకున్నాడు. రెండు బల్లల మీది కాఫీ నేలపాలైంది. తప్పు వాడిది కాదు, ఏమీ నేర్పకుండా తీసుకెళ్లిన నాది. మళ్లీ వెళ్లడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో నేర్చుకున్నదే ఇది.

1. ముందు ఫోను చేసి అడగండి

మన దేశంలో ఆహార వ్యాపారాల లైసెన్సులకు సంబంధించి 2011లో వచ్చిన నిబంధనలు జంతువులను, పెంపుడు జంతువులను ఆహార శాలల్లోకి రానివ్వకూడదంటాయి. కాబట్టి హోటల్ యజమాని ‘కుదరదండీ’ అంటే అది కుక్కల మీద కోపం కాదు. కుక్కలను రానిచ్చే కెఫేలు కూడా సాధారణంగా ఆరుబయటే చోటు చూపిస్తాయి. కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లకు కొంత వెసులుబాటు ఉంది. అక్కడి చట్టం 2015 నుంచి ఆరుబయట బల్లల దగ్గరికి కుక్కలను అనుమతించే వీలును హోటళ్లకు ఇచ్చింది. అయితే కుక్క బయటి దారినే రావాలి, కుర్చీ ఎక్కకూడదు.

చూపు లేనివారికి దారి చూపే కుక్కల సంగతి వేరు. అమెరికాలో వాటిని ఆపే హక్కు హోటల్‌కు లేదు. అది చూసి మామూలు పెంపుడు కుక్కకు దారి చూపే కుక్కలకు వేసే జాకెట్ తొడిగి లోపలికి నడిపించేవాళ్లున్నారు. అంతకంటే చిన్నతనం మరొకటి లేదు.

ఫోనులో అడగాల్సినవి మూడు: కుక్కతో ఎక్కడ కూర్చోవాలి, రద్దీ ఏ వేళల్లో తక్కువ, ఆ వీధిలో కుక్కల గుంపు ఉందా? మన ఊళ్లలో మూడో ప్రశ్నే ముఖ్యం. బెల్టుకు కట్టి ఉన్న కుక్క పారిపోలేదు, గుంపును ఎదుర్కోనూలేదు.

2. బొంత మీద పడుకోవడం నేర్పండి

అసలు పని అంతా ఇంట్లోనే ఉంది. ఒక పాత బొంత గానీ మందపాటి తువాలు గానీ తీసుకోండి. దాన్ని నేల మీద పరచి ఊరుకోండి. కుక్క దాని మీద కాలు పెట్టగానే ఉప్పు, కారం లేకుండా ఉడికించిన చికెన్ ముక్క చిన్నది ఇవ్వండి. చేతితో నోటికి అందించకుండా, ముందు కాళ్ల మధ్య బొంత మీదే పెట్టండి. చేతి నుంచి వస్తే కుక్క మీ చేతినే చూస్తూ ఉంటుంది. బొంత మీద దొరికితే బొంతను నమ్ముకుంటుంది.

రెండు మూడు రోజుల్లో తనే వచ్చి పడుకుంటుంది. మొదట మూడు సెకన్లకొక ముక్క, తర్వాత పది సెకన్లకు, ఆ తర్వాత అర నిమిషానికి. లేచి వెళ్లిపోతే తిట్టకండి, మళ్లీ వచ్చేదాకా ఆగండి. మాట కూడా ఇంటిల్లిపాదీ ఒక్కటే వాడాలి. మా ఇంట్లో నేను ‘పడుకో’ అంటే, మా అమ్మ ‘కూర్చోరా’ అనేది, మా అబ్బాయి ‘డౌన్’ అనేవాడు. చింటూ ముగ్గురి ముఖాలూ చూసి వంటింట్లోకి వెళ్లిపోయేవాడు.

పడుకున్న తీరును గమనించండి. వెనక కాళ్లు రెండూ ఒంటి కింద సమంగా ఉంటే, అది పడుకున్నట్టు కాదు, లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు. తుంటి ఒక పక్కకు ఒరిగి, గడ్డం నేలకు ఆని, ఒక నిట్టూర్పు వినిపిస్తే అప్పుడు నిజంగా కుదురుకున్నట్టు. చింటూ తుంటి ఒరగడానికి పదకొండు రోజులు పట్టింది.

ఇక బొంతను భోజనాల బల్ల కిందికి మార్చండి. కావాలనే చెంచా కింద పడేయండి, కుర్చీ బర్రున లాగండి. తర్వాత వరండా, గేటు ముందు, ఆపైన వీధి చివరి టీ కొట్టు దగ్గర ఐదు నిమిషాలు. మీరు భోంచేస్తున్న అరగంటా బల్ల కింద కదలకుండా ఉంటే హోటల్‌కు సిద్ధమైనట్టే.

3. బయలుదేరేటప్పుడు

ఏటా వేయించే రేబీస్ టీకా కాగితం, పురపాలక సంస్థ ఇచ్చిన లైసెన్సు ఫోటో తీసి ఫోనులో ఉంచుకోండి. ముందు అరగంట నడిపించి, ఒకటీ రెండూ కానివ్వండి. బెల్టు ఆరడుగులు మించకూడదు. చక్రం తిరుగుతూ సాగే రకం ఇక్కడికి పనికిరాదు. నీళ్ల గిన్నె, ప్లాస్టిక్ సంచులు, పాత పేపరు, బొంత మరిచిపోవద్దు.

వేసవిలో అరచేతి వెనక భాగాన్ని నేలకు ఆనించి చూడండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలు కాలతాయి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దు వాలాకే బయలుదేరండి.

4. హోటల్‌లో

గోడ పక్కన మూల బల్ల ఎంచుకుని, గోడకూ మీకూ మధ్య కుక్కను పడుకోబెట్టండి. బెల్టు కొస మీ తొడ కింద ఉండాలి. కుర్చీ కాలికి వద్దు, నా మాట వినండి. వడ్డించే అబ్బాయిని ‘కుక్కంటే భయమా బాబూ?’ అని అడగండి. భయమంటే మరో వైపు నుంచి రమ్మనండి. పక్క బల్లవాళ్లు ముఖం ముడుచుకుంటే వాదించవద్దు, మీరే జరగండి. కుక్క తగిలితే స్నానం చేసేవాళ్లు, చిన్నప్పుడు కరిపించుకున్నవాళ్లు మన మధ్య చాలామందే ఉన్నారు.

‘మాది ఏమీ అనదు’ అన్న మాటను మాత్రం మరిచిపోండి. తోక ఊపడం ఎప్పుడూ స్నేహమే కాదు. పెదవులు నాక్కోవడం, అదే పనిగా ఆవలించడం, కంటి తెలుపు అంచు కనబడటం ‘నాకు ఇబ్బందిగా ఉంది’ అన్న మాటలు. అప్పుడు ఎవరినీ ముట్టుకోనివ్వకండి. పెంపుడు జంతువు విషయంలో యజమాని నిర్లక్ష్యం వల్ల మనుషులకు ప్రమాదం ఏర్పడితే, భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

హోటల్ ప్లేట్లలో కుక్కకు పెట్టకండి. బిర్యానీ అసలే వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఉడికిన కోడి ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. ద్రాక్ష, చాక్లెట్ కూడా విషమే.

5. దుకాణాలకైతే

కిరాణా కొట్టులో బియ్యం, పప్పుల బస్తాలు మూతి విప్పి నేల మీదే ఉంటాయి. మగ కుక్క ఎక్కడ కాలెత్తుతుందో చెప్పలేం, కాబట్టి గుమ్మం దాటించవద్దు. పరుపు మీద పట్టుచీరలు పరిచే దుకాణం ముచ్చట ఎత్తనే వద్దు. మాల్‌లో రానిస్తే ఎస్కలేటర్ ఎక్కించకండి, గోళ్లు ఇరుక్కుంటాయి. లిఫ్టు వాడండి. బయట కట్టేసి ‘ఒక్క నిమిషం’ అని లోపలికి వెళ్లడం అన్నిటికంటే ప్రమాదం. కుక్కను ఎత్తుకెళ్లడానికి ఆ ఒక్క నిమిషం చాలు.

6. మొదటిసారి పదిహేను నిమిషాలే

భోజనం కాదు, కాఫీ మాత్రమే చెప్పండి. బిల్లు ముందే కట్టేయండి. ఒరిగిన తుంటి మళ్లీ నిటారుగా మారి, కుక్క లేచి గేటు వైపు చూస్తే, గ్లాసులో కాఫీ సగం మిగిలినా సరే, బొంత మడిచి లేవండి.