బోరు నీళ్లు, కొబ్బరి పీచు జుట్టు

హైదరాబాద్‌లో ఇల్లు మారిన రెండో నెలకే నా జుట్టు కొబ్బరి పీచులా తయారైంది. మూడు షాంపూలు మార్చినా తేడా లేదు. అసలు దొంగ బోరు నీళ్లే. బకెట్ అంచున తెల్లగా పేరుకునే ఆ కాల్షియం, మెగ్నీషియం ఉప్పులే వెంట్రుకల మీదా పూతలా పడతాయి.

పైగా ఆదివారం తలంటుకు గిన్నెడు నూనె పెట్టేదాన్ని (అమ్మ అలవాటు!), అది వదలక షాంపూ రెండుసార్లు రుద్దేదాన్ని. ఇప్పుడు నూనె రెండు చెంచాలే. షాంపూ మగ్గులో కాస్త నీళ్లతో కలిపి, కుదుళ్లకు మాత్రమే, గోళ్లు తగలకుండా. చివర్లకు జారే నురగ చాలు. రెండు వారాలకోసారి ఈడీటీఏ (ఆ ఉప్పులను పట్టి వదిలించే పదార్థం) ఉన్న క్లారిఫైయింగ్ షాంపూ, అంటే పేరుకున్న పూతను కడిగేసే రకం.

కండిషనర్‌నైతే ఇన్నాళ్లూ మాడుకే పట్టించాను. మర్నాటికల్లా జిడ్డు కారదా మరి! ఇప్పుడు జుట్టులో నీళ్లు పిండేసి, చెవుల కింద నుంచి చివర్ల దాకా రాసి, వెడల్పు పళ్ల దువ్వెనతో చిక్కు తీసి, మూడు నిమిషాలాగి కడుగుతున్నాను. ఆఖరి రెండు మగ్గులు బోరువి కాకుండా నల్లా నీళ్లు.

నెలన్నరకు దువ్వెన ఆగకుండా దిగుతోంది. రాలడం మాత్రం తగ్గలేదు. రక్త పరీక్ష చేయిస్తే ఐరన్ తక్కువని తేలింది, దానికి మందు వేరే నడుస్తోంది.