దివాలా వృత్తి, 4వ పాఠం: రిజిస్ట్రేషన్ వేరు, ఏఎఫ్‌ఏ వేరు

తప్పు జవాబుకు పావు వంతు మార్కులు కోత పడే ప్రవేశ పరీక్షలో 60 శాతం తెచ్చుకుని, ఛార్టర్డ్ అకౌంటెంట్లు, కంపెనీ సెక్రటరీలు, కాస్ట్ అకౌంటెంట్ల సంస్థలు నెలకొల్పిన మూడు దివాలా నిపుణుల ఏజెన్సీలలో ఒకదానిలో సభ్యత్వం పొంది, 50 గంటల శిక్షణ ముగించి, దివాలా రంగాన్ని నియంత్రించే ఐబీబీఐ (ఇన్సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్టసీ బోర్డ్ ఆఫ్ ఇండియా) వద్ద దివాలా నిపుణుడిగా రిజిస్టరు కావడం వరకు గత పాఠాలలో చూశాం. పదేళ్లు ప్రాక్టీసు చేసిన న్యాయవాదికి గానీ ఆడిటరుకు గానీ అంతవరకు పెద్ద చిక్కు ఉండదు. అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది.

రిజిస్ట్రేషన్ మీ అర్హతకు గుర్తు మాత్రమే. కేసు తీసుకోవడానికి మీ ఏజెన్సీ ఇచ్చే మరో అనుమతి కావాలి; దానినే ఏఎఫ్‌ఏ (ఆథరైజేషన్ ఫర్ అసైన్‌మెంట్) అంటారు. 2019 చివరి నుంచి అది తప్పనిసరి. దానికి గడువు ఉంటుంది, కనుక రెన్యువల్ చేయించుకుంటూ ఉండాలి. డెబ్బై ఏళ్లు నిండిన వారికి ఇవ్వరు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టును ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోవచ్చు, కానీ ఏఎఫ్‌ఏ గడువు తేదీని మాత్రం డైరీలో రాసుకోవాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లు బ్యాంకు అప్పు కట్టలేకపోయింది. బ్యాంకు హైదరాబాద్‌లోని ఎన్‌సీఎల్‌టీకి (జాతీయ కంపెనీ చట్ట ట్రిబ్యునల్‌కు) వెళ్తూ, దివాలా ప్రక్రియ మొదట్లో కంపెనీ బాధ్యత చూసే తాత్కాలిక పరిష్కార నిపుణుడిగా మీ పేరు ప్రతిపాదిస్తామని, ఫారం-2 మీద సమ్మతి ఇమ్మని అడిగింది. కలం తీసే ముందు మూడు సంగతులు చూడాలి.

మొదటిది, ఆ మిల్లు కంపెనీయా, భాగస్వామ్య సంస్థా? మన ప్రాంతంలో భాగస్వామ్య మిల్లులు కూడా ఉన్నాయి. భాగస్వామ్య సంస్థ మీద ఈ కంపెనీ దివాలా ప్రక్రియ నడవదు. రెండవది స్వతంత్రత, నా దృష్టిలో చిన్న ఊళ్లలో అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసింది ఇదే. గడచిన మూడు ఆర్థిక సంవత్సరాలలో ఎప్పుడైనా మీరు ఆ కంపెనీకి ఆడిటరుగా పనిచేసిన సంస్థలో భాగస్వామి గానీ ఉద్యోగి గానీ అయి ఉంటే, ఈ పని మీరు చేయకూడదు. ఒకే ఆడిట్ సంస్థ ఊళ్లోని సగం మిల్లుల లెక్కలు చూసే చోట, 'నాకు గుర్తు లేదు' అనడం సరిపోదు. పాత ఫైళ్లు దింపి చూడాల్సిందే. మూడవది ఏఎఫ్‌ఏ. సమ్మతి ఇచ్చే రోజునా, పని మొదలయ్యే రోజునా అది చెల్లుబాటులో ఉండేలా చూసుకోవాలి.

అభ్యాసం: మీ ఏఎఫ్‌ఏ జూన్ 30న ముగుస్తుంది. జూన్ 20న సమ్మతి ఇచ్చారు. జూలై 8న ట్రిబ్యునల్ పిటిషన్ అనుమతించి మిమ్మల్ని నియమించింది. రెన్యువల్‌కు ఇంకా దరఖాస్తు చేయలేదు. పొరపాటు ఏ రోజున జరిగిందో, ఏ రోజుకల్లా ఏం చేసి ఉంటే తప్పేదో మీ నోటుబుక్కులో రాయండి. జవాబు ఐదో పాఠం మొదట్లో ఇస్తాను.