పాలూ నీళ్ల లెక్కలు: ముందు మారనిదేదో పట్టుకోండి

మిశ్రమం లెక్క కనపడగానే చాలామంది ఎక్స్ అనుకుని మొదలుపెట్టేస్తారు. తప్పేం లేదు గానీ కానిస్టేబుల్, బ్యాంకు పరీక్షల్లో అంత టైం ఎక్కడిది? కలిపినా తీసినా ఏది మారలేదో ముందు చూడండి, సగం పని అక్కడే అయిపోతుంది.

45 లీటర్ల మిశ్రమంలో పాలు, నీళ్లు 4:1 నిష్పత్తిలో ఉన్నాయి, ఇంకెన్ని నీళ్లు పోస్తే 3:2 అవుతుంది? మొత్తం 5 భాగాలు, భాగానికి 9 లీటర్లు, అంటే పాలు 36, నీళ్లు 9. పోసేది నీళ్లే కాబట్టి పాలు 36 దగ్గరే ఉంటాయి. కొత్త నిష్పత్తిలో ఆ 36 లీటర్లే 3 భాగాలు, అంటే భాగం ఇప్పుడు 12 లీటర్లు, నీళ్లు 24 కావాలి. ఉన్న 9 పోను 15 లీటర్లు పోయాలి. పాత భాగం విలువ 9నే కొత్త నిష్పత్తికీ వాడేశారా, ఇక ఆ లెక్క పోయినట్టే.

రేట్ల లెక్కలు ఇంకా సులువు. కిలో 48 రూపాయల బియ్యం, 60 రూపాయల బియ్యం ఏ నిష్పత్తిలో కలిపితే కిలో 52 పడుతుంది? 52 నుంచి 48కి తేడా 4, 60కి తేడా 8. వీటిని తిప్పి రాయండి, 48 రకం 8, 60 రకం 4, అంటే 2:1. తిప్పడం ఎందుకంటే 52కి దగ్గరగా ఉన్నది 48, ఏది దగ్గరుంటే అదే ఎక్కువ కలవాలి కదా. అనుమానముంటే 48, 48, 60 కూడి మూడుతో భాగించండి, 52 వస్తుంది. ఇదే లెక్కని "57.20కి అమ్మితే 10 శాతం లాభం" అని కూడా ఇస్తారు, అప్పుడు ముందు లాభం తీసేసి కొన్నవెల 52కి రావాలి, అమ్మినవెలతో ఈ పద్ధతి కుదరదు.

తీసి పోసే లెక్కల్లోనే అసలు తిరకాసు. 40 లీటర్ల పాలల్లోంచి 4 లీటర్లు తీసి 4 లీటర్ల నీళ్లు పోశారు, మళ్లీ అలాగే చేశారు. మిగిలిన పాలు 32 అని టిక్ పెట్టేస్తారు, ఆ ఆప్షన్ కూడా అందుకే ఇస్తారు! రెండోసారి బయటికొచ్చే 4 లీటర్లలో నీళ్లు కూడా ఉన్నాయి. ఇక్కడ మారనిది పదో వంతు: ప్రతిసారీ ఉన్న పాలల్లో పదో వంతే పోతుంది. 40 కాస్తా 36, ఆ 36 కాస్తా 32.4. మూడోసారి కూడా తీస్తే 29.16.